స్విచ్‌బోర్డు మీద పేర్లు రాసినది నేనే

శ్రీ సత్యప్రసాద్ గారు, క్యాంపు అధికారి, మహిళా వసతి, రువైస్ (అబుదాబి) వారి సముఖమునకు

విషయం: ఎలక్ట్రీషియన్ శ్రీ అబ్బులు గారి వీసా రద్దును నిలుపుట, తప్పును నా పేర నమోదు చేయుట గురించి.

అయ్యా,

ప్రమాద నివేదికను ఇంగ్లీషులో టైపు చేసింది నేనే. అందులో "సంఘటన జరిగినది" అంటే చాలు, చేసినవాళ్ళు కనపడనక్కర్లేదు. అందుకే ఈ అర్జీ తెలుగులో.

1. స్విచ్‌బోర్డు అనగా భవనమునకు వచ్చు కరెంటును గదులవారీగా పంచు పెట్టె. దాని ఉపయోగములు రెండు: ఇచ్చుట, ఆపుట. ఏ స్విచ్ ఏ గదిదో సరిగ్గా రాసి ఉంటేనే రెండోది. ఎలక్ట్రికల్‌లో బి.టెక్. చదివిన నేను ఇది తెలియదనుటకు వీలు లేదు.

2. మన బ్లాకులో ఆ చీటీలు అంటించినది నేను. గది నంబర్లకు బదులు మనుషుల పేర్లు రాశాను. ఇక్కడెవరూ "పన్నెండు" అనరు, "విజయదుర్గ గది" అంటారు. బాగుందని మీరూ మెచ్చుకున్నారు.

3. మార్చిలో విజయదుర్గ గారు ఏసీ చప్పుడు పడక పదిహేనో గదికి మారారు. రిజిస్టరులో ఎక్కించాను. చీటీ మార్చలేదు. రేపు చేద్దామనుకున్నాను.

4. మొన్న ఆదివారం ఆమె గీజరు బాగుచేయుటకు అబ్బులు గారు వచ్చి, ఆమె పేరున్న స్విచ్ ఆపారు. "టెస్టరు వేన్‌లో ఉండిపోయిందండి, తెచ్చుకుంటానుండండి" అన్నారు. "పేరు రాసుండాది కదన్నా! యల్లా, బిరీన కానీ, గదిలోవాళ్ళ డ్యూటీ బస్సు వచ్చేస్తాంది" అన్నాను. "చదువుకున్నోరు, మీరు చెప్పాక ఇంకేంటండి" అని నవ్వుతూ లోపలికెళ్ళారు. కరెంటు ఆగినది పన్నెండో గదిలో. ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది.

5. "టెస్టరు వాడకపోవుట కార్మికుని నిర్లక్ష్యము" అని నివేదికలో తెలిసే రాశాను. అంతటితో ఆగలేదు. ఆ సాయంత్రమే చీటీ పీకి సరైన చోట అంటించి, అన్నీ సరిగానే ఉన్నాయనడానికి ఫోటో తీసి జతపరిచాను.

కావున ఆ నివేదికను కొట్టివేసి, ఆయనను ఉద్యోగంలో ఉంచి వైద్యం చేయించి, నాపై తగు చర్య తీసుకొనవలెను. క్షమించమని అడగడం లేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. ఇందులోని ప్రతి మాట నిజమని మాత్రం చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఫైజా
క్యాంపు గుమాస్తా

తా.క. సార్, రద్దు కాగితం మీద సంతకానికి వస్తున్న అబ్బులు గారే ఈ కవరు మీకు ఇస్తారు. రెండుసార్లు మీ టేబుల్ మీద పెట్టి నేనే వెనక్కి తెచ్చుకున్నాను. ఆయన చేతిలోంచి లాక్కోలేను కదా. "సెలవు చీటీయాండి?" అని అడిగారు. అవునన్నాను. సంతకం పెట్టించకండి. ఆయన్ను కూర్చోబెట్టి, ఇది పైకి చదవండి. నేను తలుపు బయటే ఉంటాను.