నీ గోలీల అట్ట

తమ్ముడూ,

నీ సంవత్సరీకం నాడు కేతేపల్లిలో నీ కోడలు సుజాత అన్నం వడ్డిస్తుంటే ఆమె అరచేతుల్లో రాగిరంగు మచ్చలు చూశాను. ఆమె కడుపుతో ఉంది.

"దురద లేదు, పెద్దమామా. మామ ఇచ్చిన గోలీలే ఏసుకుంటున్న," అంది.

నువ్వు పోయాక ఊరంతా నీ గోలీల ఖాళీ అట్టలు దాచుకుంది. వాటిని చూపించి మెడికల్ షాపులో అవే కొంటున్నారు. చచ్చినా నీ ఆరెంపీ వైద్యం ఆగలేదు.

నల్లగొండ దవాఖానలో సవాయి రోగమన్నారు, అదే సిఫిలిస్ అనే సుఖవ్యాధి. ఆ క్రిమి నీ గోలీలకు ఎప్పుడో అలవాటు పడిందట, పెన్సిలిన్ సూదికే చస్తుందట. నువ్వున్నప్పుడు నేను చెప్పిందీ అదే. నువ్వేమో సూది వికటిస్తుందని భయపడి, "పుస్తకాలు సదివి డాక్టరైతవా, అన్నా?" అని నవ్వేవాడివి. ఈ రోగంలో మొదట వచ్చే పుండు దానంతటదే మానితే నీ హస్తవాసి అని చెప్పుకున్నావు.

సుజాతకు సూది వేశారు. భర్తకూ వేయకపోతే రోగం మళ్లీ ఆమెకు అంటుతుందని, బిడ్డ దక్కకపోవచ్చని డాక్టరమ్మ హెచ్చరించింది.

నీ కొడుకు మాత్రం, "బాపు మందు తప్పయితదా, పెద్దబాపూ?" అన్నాడు. నీ ఫొటోకు మొక్కి గోలీ నోట్లో వేసుకున్నాడు.

నీళ్లు సుజాతే అందించింది.