నా బరువు

ముప్పాళ్ళ

తమ్ముడూ మౌళీ,

ఫోన్‌లో అయితే మీ బావ వింటాడని ఉత్తరం రాస్తున్నాను. ఆయన కడుతున్న చిన్న విమానానికి అక్యుములేటర్ సీసా నీ లేత్ షాపులోనే చేస్తున్నావట. గాల్లో పంపు ఆగిపోతే, ఆ సీసాలో ఒత్తిడితో దాచిన నూనే చక్రాలు దింపాలట. ఆయన నీకిచ్చిన కొలతలో ఒక్కసారి దింపేంత నూనే పడుతుంది. చక్రాలు లాక్ పడకపోతే రెండోసారికి ఏమీ మిగలదు. పెద్దది పెట్టమంటే, "ఏందే నీ గోల? ఇద్దరం ఎక్కాలా, ఇప్పటికే బరువు చానా అయింది" అని కసిరాడు.

ఆయన లెక్కలో నా బరువు అరవై కిలోలు. మొన్న గుంటూరు ఆసుపత్రిలో కాటా ఎక్కితే నలభై రెండు చూపించింది. పక్కనే నిలబడి చూశాడు. ఇంటికొచ్చి మాత్రం ఆ అంకె మార్చలేదు. మార్చమని నేనూ అడగలేకపోయాను.

అందుకని పెద్ద సీసానే చెయ్యరా. బరువెక్కువైందని ఆయన అరిస్తే ఎదురు చెప్పకు. విమానం లేచేనాటికి నా సీటు ఖాళీగానే ఉంటుంది. ఆయన మాత్రం క్షేమంగా కిందికి దిగాలి.

మీ అక్క