ఉంటాను వదినా

ఏమండీ, షిఫ్టుకి వెళ్తున్నాను. నేను వచ్చేదాకా ఎవరికీ డబ్బు పంపకండి.

ఇందాక బ్యాంకు నుంచి అంటూ ఒకడు ఫోన్ చేశాడు. మన దేశంలో ఉన్న మన కొట్టు మీద తీసుకున్న అప్పుకి ఒక్క వాయిదా కూడా కట్టలేదట, ఈ వారం కట్టకపోతే తాళం వేస్తారట. మరి ఈ పరాయి దేశంలో ఒళ్ళు హూనం చేసుకుని, నెలనెలా వాయిదాలకని మీ తమ్ముడికి పంపిందంతా ఏమైనట్టు? అదే అడిగితే, అవన్నీ తర్వాత, ముందు డబ్బు పంపమన్నాడు. అప్పటిదాకా మేడమ్, మేడమ్ అన్నవాడు, పెట్టేసేముందు "ఉంటాను వదినా" అన్నాడు. నన్ను వదినా అని పిలిచే బ్యాంకు ఉద్యోగి ఎవడండీ?

మీ తమ్ముణ్ణి ఇప్పుడే కదిలించకండి, వెనకేసుకు రావద్దు కూడా. బ్యాంకు మేనేజరుకి మీరే ఫోన్ చేసి, ఎంత కట్టారో కనుక్కోండి. వంట స్టవ్ మీద ఉంది. వేడి చేసుకోండి, చల్లటిది తింటే మీకు పడదు.

ఇంకో మాట. వాడు చేసింది నా కొత్త నంబరుకి. మొన్ననే తీసుకున్నాను, మీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు. వచ్చాక అడుగుతాను, ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకోండి.