అన్నూరు మామ పదే పదే తెరిచిన మెయిల్

మంగళవారం

ఇక నా వల్ల కాదు. మా సాఫ్ట్‌వేర్ అమ్మడానికి మేం ఫోన్లు చేయకూడదట, ఏఐ మెయిళ్లు రాస్తుందట. తమిళనాడులోని అన్నూరులో నూలు మిల్లు నడిపే మా మామ ఇంటి భాష తెలుగని అది పసిగట్టి, ఆయనకు తెలుగులో పెద్ద మెయిల్ పంపింది. పొద్దున్నే ఆయన ఫోన్.

“ఏం కణ్ణూ, నాకు తెలుగు మాట్లాడను వచ్చుగానీ చదవను రాదే! బళ్లో చదివింది తమిళమే కదా. వచ్చినోళ్లకంతా తెరిచి చూపిస్తా ఉండాను, ఒక్కరికీ చదవను రాలేదు. నువ్వొక ఫోను చేసుంటే చాలదా?”

అదే మేనేజరుకు చెప్పబోయాను. ఆయన వినకుండా స్క్రీను నా వైపు తిప్పాడు. ఆ మెయిల్‌ను మామ ఎన్నిసార్లు తెరిచారో ఏఐ వేసిన లెక్క అందులో ఉంది. అన్నిసార్లు తెరిచారు కాబట్టి, కొనడానికి అందరికంటే ఆత్రంగా ఉన్నది మామేనట. అందుకని ఏఐ అప్పుడే ఇంకో మెయిల్ పంపేసింది.

అదీ తెలుగులోనే. ఇంకాస్త పొడుగ్గా.