పైపు మోగిన చోట

ప్రాజెక్ట్ మేనేజర్ హరిప్రసాద్ గారికి,

విమానాశ్రయం పక్కనున్న మన పాల్మాకుల సైట్‌లో ఆరో అంతస్తు నుంచి పడి చనిపోయిన జగన్ సేఫ్టీ బెల్టు కొక్కెం తగిలించుకోలేదని, తప్పు అతనిదేనని రాసి పంపమన్నారు. సేఫ్టీ మేనేజర్‌గా అలా రాయలేను.

నేను గేటు దాటగానే పైన ఎవరో ఇనుప పైపు మీద స్పానర్‌తో కొడతారు. ఇన్నాళ్లూ అది పని చప్పుడే అనుకున్నాను. దవాఖానలో, అదే సైట్‌లో పనిచేసే జగన్ మేనమామ ఐలయ్య నెమ్మదిగా చెప్పాడు.

"మీ పచ్చ టోపి కనవడంగనే గట్ల కొడ్తం సార్. విమానాల మోతల కేకేస్తె ఇనవడది. అప్పుడే అందరం కొక్కాలు తగిలిచ్చుకుంటం. అడుగడుక్కు తగిలిచ్చుకుంట ఇప్పుకుంట పోతె పని సాగదు, మేస్త్రీ ఊకోడు. ఆ దినం గూడ మీరు రాంగ పైపు మోగంగనే మావోడు గాబరగ కొక్కెం కోసం వంగిండు. కాలు జారింది."

నన్ను చూసి భయపడకపోతే జగన్ ఆ క్షణాన వంగేవాడు కాదు. పని వేగం తగ్గించమని దయచేసి మేస్త్రీకి చెప్పండి. కొక్కెం పెట్టుకునే తీరిక వాళ్లకు ఇవ్వండి.

ఈ ఉదయం నేనింకా గేటు దగ్గర ఉండగానే పైపు మోగింది. గబుక్కున నా పచ్చ హెల్మెట్ తీసి వీపు వెనక దాచుకున్నాను. లోపలికి అడుగు వేయలేకపోయాను.

ఇట్లు,
మీ సేఫ్టీ మేనేజర్