పదకొండు మేకులు

జాలరిపేట, విశాఖపట్నం
12 డిసెంబరు 1986

తమ్ముడు ఎల్లాజీకి అన్న దాలయ్య దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ వదిన, పిల్ల బాగున్నాం. పోర్టుబ్లెయిర్‌లో నువ్వు, మరదలు గురువమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇంతవరకూ ఎవరైనా రాసే ముక్కలే. మిగతాది కూతురి చేత రాయించలేక ఈసారి నేనే కలం పట్టాను. ఎనిమిదో తరగతితో ఆపేసిన చదువు. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

నువ్వు అడిగినవి ముందు చెప్తాను. మీ వదిన దగ్గు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. ఫిషింగ్ హార్బరు యార్డులో నేనింకా మరబోట్లకు బల్లలు బిగిస్తూనే ఉన్నాను. తాత తారుతో పడవ గీసిన ఆ తెరచాప గుడ్డ అయ్య ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది, ఎలకలు ఒక మూల మాత్రమే కొట్టాయి. మన పడవ బల్లలు ఏమయ్యాయని అడిగావు. రెండు పక్కింటి మేకల దొడ్డికి తడికయ్యాయి. ఒకదాని మీద మీ వదిన ఎండుచేపలు ఆరబెడుతుంది. అయ్య పెద్దదినానికి రాలేకపోయానని బాధపడ్డావు. ఓడ లేకపోతే నువ్వేం చేస్తావు, ఈదుకుంటూ వస్తావా?

ఇంకొకటి కూడా అడిగావు. దానికి చివర జవాబు చెప్తాను.

పోర్టు కట్టకముందు ఓడలు దూరంగా నిలబడితే కెరటాల్లోంచి సరుకు ఒడ్డుకు తెచ్చింది తాత కట్టిన కుట్టుపడవలేనని అయ్య ఎన్నిసార్లు చెప్పేవాడో నీకూ తెలుసు. పోయేలోపు అలాంటిది ఒక్కటి కట్టాలని పట్టుబట్టాడు. ఇంటి ముందు తాటాకు పందిరి వేసి, గుడ్డ మీది గీతలు చూసుకుంటూ, తాత గాట్లు పెట్టిన కొలకర్రతో ఏడు నెలలు కట్టాం. మామిడి బల్లలు కోసింది నేను. గడ్డి కూరి కొబ్బరితాడుతో కుట్టింది నువ్వు. ఎక్కడా ఇనుము తగలకూడదన్నాడు అయ్య. కెరటం కొట్టినప్పుడు పడవ ఒళ్ళు కాస్త వంగాలి, మేకుంటే వంగదు, అదీ ఆయన లెక్క. అడుగుబల్లకు నాలుగు మేకులు వేస్తే మంచిదని నేను నోరు జారాను. పేటంతా వింటుండగా ఏమన్నాడో గుర్తుందా?

"మరబోట్లకి మేకులు కొట్టుకునేవోడివి, కుట్టుపడవ సంగతి నీకేటి తెలుసురా? తమ్ముడి సెయ్యి సూసి నేర్సుకో."

అందరూ నవ్వారు. నీకంటే ఆరేళ్ళు పెద్దవాణ్ణి, నేనూ నవ్వాను.

మర్నాడు మధ్యాహ్నం మీరిద్దరూ అన్నానికి లోపలికెళ్ళారు. అప్పుడు అడుగుబల్లకు పదకొండు మేకులు దిగ్గొట్టాను, ఎల్లాజీ. తలలు కనపడకుండా పైన గడ్డి కూరాను. ఆ గడ్డి మీదే నువ్వొచ్చి కుట్టేశావు. పడవ నిలవదన్న భయంతో కొట్టానని నాలుగేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నీ మీద ఈర్ష్యతో కొట్టాను. పడవ నిలబడితే అది నా మేకుల వల్లేనని నాకొక్కడికైనా తెలియాలనుకున్నాను.

మిగతాది నీకు తెలుసు. పసుపు రాసి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి దింపాం. తెడ్డు అయ్య పట్టాడు. మూడో కెరటానికే అడుగు విడిపోయింది, అయ్య తుంటి విరిగింది. ఇసకలో పడుకోబెడితే నిన్ను చూపించి ఆయన అన్న మాట కూడా నీకు గుర్తుండే ఉంటుంది. "ఈడి కుట్టు ఒగ్గీసింది. ఇంక నా కళ్ళకి కనబడొద్దని సెప్పండి." నువ్వు నా వైపు చూశావు. నేను సముద్రం వైపు చూశాను. నెల తిరక్కుండా నువ్వు ఓడెక్కావు.

బల్లలు ఏరుకొచ్చింది నేనే. నీ తాడు ఒక్క పోగు తెగలేదురా. బల్ల మేకుల వరస వెంట చీలింది. మేకులన్నీ పీకేసి సముద్రంలో పారేశాను. పదే ఉన్నాయి. పదకొండోది నీళ్ళలో పోయిందనుకున్నాను.

మొన్న అయ్య వక్కల సంచీ దులిపితే అది రాలింది. మా యార్డు మేకే, తల చూడగానే పోల్చుకున్నాను. ఆ రోజు ఒడ్డున పడుకోబెట్టినప్పుడు ఆయన కుడి పిడికిలి ఎంతకీ విప్పలేదు, జ్ఞాపకం ఉందా? నొప్పికి బిగించాడనుకున్నాం. మేకు పిడికిట్లో పెట్టుకునే నిన్ను పొమ్మన్నాడు.

మీ వదినకు చూపించాను. అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "నీ పేరెలగ బయటెడతాడు? పడవ సీల్సినోడని తెలిత్తే యార్డులో నీకు పనెవుడిత్తాడు? ఈ ఇల్లేటి తింటాది? ఎల్లాజీకి అప్పటికి పెళ్ళాం నేదు, పిల్లల్నేరు. ఆడయితే ఎక్కడైనా బతుకుతాడని ఆడి మీద ఎట్టేశాడు."

అంటే అయ్య నాలుగేళ్ళు నా చేతి కూడు తిన్నాడు, మేకు సంచీలో పెట్టుకుని. ఒక్కనాడూ నన్ను అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది. ఆయన మీద నాకు కోపంగా ఉంది. ఆ హక్కు నాకు లేదని తెలుసు, అయినా ఉంది.

అందరికీ చెప్పేద్దామని పేట పెద్ద కొండలరావు దగ్గరికెళ్ళాను. "పోయినోడి మాట ఇప్పుడు తిరగేత్తావేటి? ఒగ్గీ. ఎల్లాజీ అక్కడ బాగానే ఉన్నాడు కదా" అన్నాడు. నువ్వు బాగానే ఉన్నావని తేల్చడానికి ఆయనెవడు? మళ్ళీ తాడు ముట్టలేదని, అక్కడ గోదాములో మూటలు మోస్తున్నావని గురువమ్మ రాసింది. నువ్వు రా. వలలు బాగుచేసుకునే చోట అందరి ముందూ ఈ ఉత్తరం నేనే చదువుతాను. ఒకవేళ నోరు పెగలక నేను ఆగిపోతే నువ్వు చదువు. మేకు ఈ కవరులోనే పెట్టాను.

ఇక నువ్వడిగింది. చివర్లో అయ్య నీ పేరెత్తాడా అని. ఎత్తలేదని కిందటి ఉత్తరంలో పిల్ల చేత రాయించాను. అదీ అబద్ధమే. ఆ తెల్లవారుజామున పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. గాలిలో తాడు లాగుతున్నట్టు వేళ్ళు ఆడించాడు. నన్ను చూసి నువ్వనుకున్నాడు.

"తాడు తెగనేదురా ఎల్లాజీ. నువ్వు బాగానే కుట్టేవు" అన్నాడు.

నేను నువ్వు కాదని చెప్పలేదు. ఊ కొట్టాను. నీకు రావలసిన ఆ మాట కూడా నేనే తీసుకున్నాను.

ఇట్లు,
అన్న అని పిలుస్తావో లేదో తెలియని
నీ అన్న దాలయ్య