నానమ్మ రాసిచ్చిన అర్జీ

శనివారం, రాత్రి

ఆడపిల్లల ఒంట్లో వచ్చే మార్పుల గురించి చెప్పే ఆ బొమ్మల పుస్తకం మీద పోయిన నెల ఎవరో తండ్రి ఫిర్యాదు చేశాడు. మా ఆఫీసరుగారు దాన్ని బీరువాలో పెట్టేయమన్నారు. లైబ్రరీలో పిల్లల విభాగం చూసేది నేనే. ఎందుకని ఒక్క మాట కూడా అడగకుండా తాళం వేశాను. అప్పటినుంచీ మనసులో ముల్లులా ఉంది.

ఇవాళ దోమలగూడ నుంచి ఏడో తరగతి శ్రావణి వాళ్ళ నానమ్మతో వచ్చింది. ఆ పుస్తకమే కావాలని మెల్లగా అడిగింది. పెద్దవాళ్ళు రాసిస్తే తప్ప ఇవ్వకూడదన్నారని చెప్పాను.

"నేను పెద్దదాన్ని గాదా? కాయితం ఇయ్యమ్మా, రాస్త," అంది నానమ్మ. "నాకు గా వయసుల ఎవ్వరు చెప్పలే. రక్తం చూసి సచ్చిపోతున్న అనుకున్న. గీ పిల్లకు గట్ల కావొద్దు."

ఆ మాటలే రాసి సంతకం పెట్టింది. కాగితం తీసుకెళ్ళి మా ఆఫీసరుగారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు.

"పుస్తకం మళ్ళీ బయట పెట్టండి మేడమ్. ఎవరైనా అడిగితే నా దగ్గరికి పంపండి," అన్నారు.

ఆ తండ్రి సోమవారం మళ్ళీ వస్తాడేమో. ఏం చెప్పాలో ఇంకా తెలియదు. కానీ ఈసారి నోరు మూసుకుని మాత్రం ఉండను.

నేను ఇంటికి బయల్దేరేసరికి శ్రావణి బల్ల దగ్గర ఆ పుస్తకం చదువుకుంటోంది. రోజూ లైబ్రరీకి వచ్చే అశోక్‌నగర్ అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ పిల్లకు చెరోపక్కన చేరారు.

"జర ఆగక్కా, నాది ఇంక సదువుడు కాలే," అంటోంది చిన్నది, పేజీ తిప్పనీయకుండా చెయ్యిపెట్టి.